గీతలమ్మ దిద్దుకున్న లెక్క

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఆఫీసులో ఎవరి నోటా వినపడేది కాదు. అందరికీ ఆమె గీతలమ్మే. నగర ఆరోగ్య శాఖలో మూడో అంతస్తు చివరి గది ఆమెది. పాత ఫైళ్ళ బీరువాలకీ కిటికీకీ మధ్య ఒక బల్ల, ఒక కంప్యూటరు, గోడ నిండా అతికించిన గ్రాఫులు. పదిహేడేళ్ళుగా ఊళ్ళో పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, కుక్క కరిచినవాళ్ళు, కామెర్లు వచ్చినవాళ్ళు ఆ గోడ మీద గీతలై ఎక్కుతూ దిగుతూ ఉండేవారు. "మన ఊళ్ళో కుక్క కరవాలన్నా ముందు గీతలమ్మ దగ్గర అనుమతి తీసుకోవాలి" అని కింది అంతస్తు వాళ్ళు పరాచికాలాడేవారు. ఆమె నవ్వి ఊరుకునేది.

డిగ్రీలో గణితం చదివింది. పై చదువులకి వెళ్ళలేకపోయింది గానీ లెక్కల పిచ్చి మాత్రం వదల్లేదు. ఒక ఏడాది బడిపిల్లల్లో తట్టు పాకుతుంటే, అంటువ్యాధుల గణితం మీద పుస్తకం తెప్పించుకుని, ఏ పేటలో ఎప్పుడు ఎంతమందికి రాబోతోందో ముందుగా లెక్కగట్టింది. చెప్పినదాంట్లో ముప్పాతిక మువ్వీసం నిజమైంది. అప్పటి నుంచి ఆరోగ్యాధికారికి ఆమె మాటంటే గురి కుదిరింది. రిటైర్మెంటుకి రెండేళ్ళున్న పెద్ద డాక్టరాయన. లిఫ్టు చెడిపోయిన రోజు కూడా మూడంతస్తులు ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, "అమ్మా, ఏమంటున్నాయి నీ గీతలు?" అని అడిగేవాడు.

కొత్త జ్వరం వచ్చినప్పుడూ అలాగే వచ్చాడు. అప్పటికే అది దేశాలు దాటి వచ్చింది. గాలిలో అంటుకుంటుంది. మందు లేదు, టీకా లేదు. వచ్చిన ప్రతి ఇరవై మందిలో ఒకరిని ఆసుపత్రి మంచం మీదికి చేర్చేది. ఎనిమిది లక్షల మంది ఉన్న ఆ ఊళ్ళో జ్వరం వార్డుకి కేటాయించినవి మూడు వందల అరవై మంచాలు.

"బడులు, మార్కెట్టు, బస్సులు ఎప్పుడు మూయాలో చెప్పమంటున్నాడు మున్సిపల్ కమిషనర్. మరీ ముందు మూస్తే జనం తిడతారు. ఆలస్యమైతే జనం పోతారు. ఎప్పుడు?"

గీతలమ్మ ఊరి జనాన్ని కంప్యూటర్లో నాలుగు గళ్ళలోకి సర్దింది. జ్వరం ఇంకా అంటనివాళ్ళు, అంటుకున్నా బయటపడనివాళ్ళు, జబ్బుపడి ఇతరులకి అంటించేవాళ్ళు, కోలుకున్నవాళ్ళూ పోయినవాళ్ళూ. ఒక గడిలోంచి ఇంకో గడిలోకి రోజుకి ఎంతమంది జారతారన్నదే లెక్కంతా. బడి మూస్తే ఆ జారుడు ఎంత తగ్గుతుంది, మార్కెట్టు మూస్తే ఎంత, అందరూ ఇళ్ళలో కూర్చుంటే ఇంట్లోవాళ్ళకి అంటడం ఎంత పెరుగుతుంది, అన్నీ వేసుకుంది. శుక్రవారం సాయంత్రానికి జవాబు వచ్చింది. జ్వరం ఆరు రోజులకి రెట్టింపవుతోంది, పైగా గీత వంగుతోంది కూడా. వచ్చే వారమంతా ఆగి, ఆ పై సోమవారం మూసినా మంచాలు సరిపోతాయి. ఈలోపు బడిపిల్లల పరీక్షలు అయిపోతాయి, మార్కెట్టు వాళ్ళకి సరుకు అమ్మేసుకునే వ్యవధి ఉంటుంది. శనివారం కమిషనర్ ఆ సోమవారాన్ని ఊరంతటికీ ప్రకటించాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మంగళవారం పొద్దున పది గంటలకి అక్క ఫోన్ చేసింది. ఆమె పెద్దాసుపత్రి జ్వరం వార్డులో హెడ్ నర్సు. మాట కరుకు, మనసు మెత్తన.

"ఏమే, జ్వరం తగ్గుముఖం పట్టిందని మీ ఆఫీసు వాళ్ళు చెబుతున్నారంట. ఎవరే ఆ మహానుభావుడు?"

"నేనే అక్కా. తగ్గిందనలేదు. పెరగడం నెమ్మదించిందన్నాను. మొన్న ముప్పై ఎనిమిది, నిన్న నలభై, ఇవాళ ముప్పై తొమ్మిది. నాలుగు రోజులుగా అక్కడే ఉంది."

"అక్కడే ఉండక ఎక్కడికి పోతుంది? లాబ్‌లో ఉన్నది ఇద్దరు. వాళ్ళు రోజుకి అరవై పరీక్షలకంటే ఒక్కటి కూడా ఎక్కువ చెయ్యలేరు. నమూనాలు ఫ్రిజ్‌లో పట్టక ఐసు డబ్బాల్లో పెట్టాం. బయట వరండాలో వరస చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి."

గీతలమ్మ గోడ మీది గ్రాఫు వైపు తిరిగింది. అక్క ఇంకా ఏదో అంటోంది. ఆమెకి వినపడలేదు. తను గీసిన ప్రతి చుక్కా పరీక్ష ఫలితం వచ్చిన తేదీ మీద పెట్టింది. జ్వరం మొదలైన తేదీ మీద కాదు. గీత వంగింది జ్వరం అలిసిపోయి కాదు. లాబ్‌లో ఇద్దరు మనుషులు అలిసిపోయి.

ఆసుపత్రికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. రికార్డుల గదిలో అక్క నాలుగు వందల పన్నెండు కాగితాలు ముందు పెట్టింది. ఒక్కో రోగికి ఒక్కో కాగితం. ఏ మూలనో డాక్టరు గిలికిన రాతలో 'జ్వరం మొదలు' అని ఒక తేదీ. కొన్నిచోట్ల తేదీ లేదు, 'నాలుగు రోజులుగా' అని ఉంది. కొన్నిచోట్ల అదీ లేదు. గీతలమ్మ ఒక పెద్ద అట్ట మీద తేదీలు రాసుకుని, ఒక్కో కాగితానికి ఒక్కో పెన్సిల్ గీత కొట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నం అక్క తలుపు తీసి, "ఏమైనా తిన్నావా?" అంది. గీతలమ్మ తల ఎత్తలేదు. అక్క తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయింది.

మూడున్నరకి పెన్సిల్ కింద పెట్టింది. అట్ట మీద గీతలు ఒక గోడలా లేచి ఉన్నాయి. చివరి నాలుగు రోజులు పక్కన పెడితే, ఎక్కడా వంగలేదు. ఆరు రోజులకి కాదు, మూడున్నర రోజులకే రెట్టింపు. సోమవారం దాకా ఆగితే మంచాలు కావలసినవాళ్ళు వెయ్యి మంది. ఉన్నవి మూడు వందల అరవై. ఆమె మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తప్పు తేలితే బావుణ్ణని జీవితంలో మొదటిసారి కోరుకుంది. తేలలేదు.

ఆఫీసుకి తిరిగి వెళ్ళే దారి మార్కెట్టు మీదుగానే. సోమవారం నుంచి మూత అని తెలిసి ఊరంతా అక్కడే ఉంది. సంచులు పట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, ఒకళ్ళ భుజం మీదుగా ఇంకొకళ్ళు చేతులు చాచి బేరాలాడుతున్నారు. ఆమె ఆ ఒరిపిడిలోంచే నడిచింది. వీళ్ళందర్నీ ఇక్కడికి తోలింది తన సోమవారమే.

నోరు మూసుకుంటే ఏమవుతుందన్న ఆలోచన కూడా రాకపోలేదు. మెట్లెక్కుతుంటే వచ్చింది. ఎవరికీ తెలీదు. అక్కకి కూడా పూర్తిగా అర్థం కాలేదు. రేపొద్దున మంచాలు చాలకపోతే అంతా జ్వరం మీదికి నెట్టెయ్యొచ్చు. కొత్త జబ్బు కదా, ఎవరు మాత్రం ఏం చెప్పగలరు అంటారు. రెండో అంతస్తు మలుపులో రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. తర్వాత తన గదికి పోకుండా ఆరోగ్యాధికారి గదిలోకి వెళ్ళింది.

"సార్, శుక్రవారం నేనిచ్చిన లెక్క తప్పు."

ఆయన ఫోన్లో ఉన్నాడు. మాట సగంలో ఆపి పెట్టేశాడు. ఆమె చెప్పినంతసేపూ కళ్ళజోడు తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. చివర్న ఒక్కటే అడిగాడు.

"ఇవాళే మూస్తే?"

"ఇవాళ కుదరదు కదండీ. రేపు పొద్దున్నే మూస్తే మూడు వందల డెబ్భై మంచాల దగ్గర ఆగొచ్చు. అదృష్టం బావుంటే రెండు వందల ఎనభై. బాలేకపోతే ఐదు వందలు."

"పద."

కమిషనర్ వయసులో ఆమె కంటే చిన్నవాడు. కుర్చీలో కూర్చుని మాట్లాడే అలవాటు లేనివాడు. కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నాడు. ముఖం ఎర్రబడింది.

"శనివారం నా నోటితో ఊరికి మాటిచ్చాను. నాలుగు రోజులు తిరక్కుండా మాట మార్చమంటారా? పరీక్షలు మధ్యలో ఉన్నాయి. మార్కెట్టు వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

గీతలమ్మ అట్టని బల్ల మీద పరిచింది.

"ఇంత పెద్ద తప్పు ఎలా చేశారండీ మీరు?"

"ఫలితం వచ్చిన తేదీని జ్వరం వచ్చిన తేదీ అనుకున్నాను సార్. లాబ్‌కి వెళ్ళి చూడాల్సింది. చూడలేదు."

"బావుంది. రేపు ఇంకో తప్పు దొరికిందని మళ్ళీ వస్తారా?"

"దొరికితే వస్తాను సార్."

కమిషనర్ వచ్చి బల్ల మీద పరిచిన అట్ట వైపు వంగి చూశాడు. పెన్సిల్ గీతల్ని వేలితో ఒక్కో తేదీ దగ్గరా తడుముతూ వెళ్ళాడు. మొన్నటి తేదీ దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

"ఇక్కడ తగ్గాయే?"

"వాళ్ళు ఇంకా ఆసుపత్రికి రాలేదు సార్. ఇళ్ళలో ఉన్నారు. రెండు మూడు రోజుల్లో వస్తారు. ఆ చివరి నాలుగు రోజుల్ని నేను నమ్మలేదు."

ఆయన నిటారుగా నిలబడి, తలుపు దగ్గర ఉన్న సెక్రటరీని పిలిచాడు. "రేపు ఆరింటి నుంచి అన్నీ మూత. ఉత్తర్వు తయారుచెయ్యండి."

"రెండు బస్సులు ఉంచాలి సార్," అంది గీతలమ్మ. "ఆసుపత్రి వాళ్ళ కోసం. నర్సులు రాలేకపోతే మంచాలు ఎన్నున్నా ఒకటే."

"ఉంచండి," అన్నాడు కమిషనర్ తల తిప్పకుండానే.

ఇంకో మాట కూడా చెప్పింది ఆమె. మూసినా పది నుంచి పదిహేను రోజులు, సుమారు పన్నెండు రోజుల దాకా అంకెలు పెరుగుతూనే ఉంటాయని, భయపడొద్దని. ఈ మాటని ఎలా అర్థమయ్యేట్టు చెప్పాలో ఆమెకి నేర్పింది మామగారే. నీటి సరఫరాలో ముప్పై ఏళ్ళు వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. "టాంకు దగ్గర వాల్వు కట్టేసినా పైపులో ఉన్న నీళ్ళు చివరి వీధికి వస్తూనే ఉంటాయి అమ్మాయ్. జనం కట్టలేదనుకుని నన్ను తిట్టేవాళ్ళు" అన్నాడు ఒకసారి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త గుమ్మం దగ్గర బూట్లు విప్పుతున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అప్పటికే వార్త తెలిసిపోయింది.

"నా బస్సు కూడా ఆపించేశావంట కదా?" అన్నాడు నవ్వుతూ. "డిపోలో అంతా నా వైపే చూస్తున్నారు."

"రెండు నడుస్తాయండీ. ఆసుపత్రి వాళ్ళకి."

"తెలుసు. అందులో ఒకటి నాదే. పేరిచ్చేసి వచ్చాను."

ఆమె మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. "మీరెందుకు ఇచ్చారు? ఇంట్లో మామయ్య గారున్నారు."

"బస్సు నడవాలని చెప్పింది నువ్వే కదా. ఎవడో ఒకడు స్టీరింగు పట్టుకోవాలిగా. నా పెళ్ళాం లెక్క వేసి నేను ఇంట్లో కూర్చుంటే ఏం బావుంటుంది?"

లోపలి గదిలోంచి మామగారు, "వాడు చెప్పింది సబబే అమ్మాయ్" అన్నాడు.

ఊరు మూతపడిన మూడో రోజుకల్లా ఆఫీసు గేటు ముందు జనం చేరారు. కూరగాయలు కుళ్ళిపోయినవాళ్ళు, పరీక్ష సగంలో ఆగిన పిల్లల తండ్రులు. "సోమవారం అన్నారు! మాట మీద నిలబడలేనివాళ్ళకి కుర్చీలెందుకు?" అని కేకలు. ఎవరు చెప్పారో గానీ, లెక్కలేసింది మూడో అంతస్తు ఆవిడేనని పొక్కింది. వెనక గేటు నుంచి వచ్చిపోవాల్సి వచ్చింది ఆమెకి. రోజూ పొద్దున ఏడింటికి కమిషనర్ ఫోన్. పలకరింపు లేదు, "ఎన్ని మంచాలు నిండాయి?" అంతే. యాభై ఎనిమిది. తొంభై రెండు. నూట నలభై. రెండు వందల ఐదు. అంకె చెప్పగానే ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఎనిమిదో రోజు మామగారికి ఒళ్ళు కాలింది. "కాస్త అలసట, అంతే" అన్నాడు. భర్తకి ఏ లక్షణమూ లేదు. అయినా వేరే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఇళ్ళలో అంటడం మొదటి వారాల్లో పెరుగుతుందని ఆమె తన లెక్కలో ముందే వేసింది. మూడో వంతు ఎక్కువ అని ఒక అంకె పెట్టింది. ఆ అంకె ఇప్పుడు నులక మంచం మీద పడుకుని, ఊపిరి అందక పక్కకి తిరుగుతోంది. పదో రోజున అంబులెన్సు వచ్చింది. ఎక్కేటప్పుడు మామగారు కోడలి చెయ్యి పట్టుకోబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

అక్క ఫోన్ చేసింది. "మంచం దొరికిందే. మూడు వందల పద్దెనిమిదోది. నేను చూసుకుంటాను, నువ్వు రాకు."

పన్నెండో రోజు గీత తిరగాలి. తిరగలేదు. మూడు వందల అరవై దాటింది. ఒక బడి హాల్లో నలభై మంచాలు వేశారు. కమిషనర్ ఆ రోజు ఫోన్ చెయ్యకుండా తనే మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. గోడ మీద గీత వైపు చూస్తూ, "పన్నెండన్నారు" అన్నాడు.

"పది నుంచి పదిహేను అన్నాను సార్. పన్నెండు మధ్యలోది."

"నాకు గుర్తున్నది పన్నెండే."

ఇంకేదో తప్పు ఉందా? మళ్ళీ తేదీలన్నీ తీసింది. లాబ్‌లో ఇప్పుడు ఆరుగురు ఉన్నారు, అది సరిచూసింది. ఆసుపత్రికి రాకుండా ఇళ్ళలో ఉండిపోయినవాళ్ళు? పేటల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల్ని అడిగింది. ఎక్కడా తప్పు కనపడలేదు. కనపడకపోవడమే ఆమెకి ఎక్కువ భయమేసింది. పదమూడో రోజు మూడు వందల ఎనభై తొమ్మిది. పద్నాలుగో రోజు మూడు వందల తొంభై ఒకటి. పదిహేనో రోజు పొద్దున ఆరున్నరకే అక్క ఫోన్ చేసింది.

"మూడు వందల ఎనభై రెండు. తప్పు లేదే, నేను స్వయంగా మంచం మంచం తిరిగి లెక్కపెట్టాను."

గీతలమ్మ బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. ఏడింటికి కమిషనర్ ఫోన్ వచ్చేసరికి గొంతు సర్దుకుంది. అంకె చెప్పింది. ఈసారి ఆయన "ఉంటానండీ" అని, ఫోన్ మెల్లగా పెట్టాడు.

మామగారు పదిహేడో రోజు మధ్యాహ్నం పోయాడు. మంచం, ప్రాణవాయువు, రోజూ చూసే నర్సు, అన్నీ ఉన్నాయి. వయసు డెబ్భై నాలుగు. గాజు తలుపు వెనక నుంచి భార్యాభర్తలిద్దరూ చూశారు. మర్నాడు ఆఫీసులో ముందు రోజు మరణాల వరసలో, ఆయనతో కలిపి, ఆరు అని ఆమే వేసింది. ఇంకొకరితో వేయించమన్నాడు ఆరోగ్యాధికారి. వద్దంది.

మొత్తం మీద ఎనభై నలుగురు పోయారు. వరండాల్లో పడి ఉండి, మంచం దొరక్క పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. రెండు నెలలకి ఊరు మెల్లగా తెరుచుకుంది. మార్కెట్టులో ఒక ఉల్లిపాయల వ్యాపారి ఆమెని గుర్తుపట్టి, "వెయ్యి మంది అన్నారటగా అమ్మా. ఏరీ వెయ్యి మంది?" అని అడిగాడు. వెటకారమో నిజంగా అడిగాడో తెలీలేదు. "రాలేదు బాబూ" అని సంచి అందుకుని వచ్చేసింది.

అయితే ఎవరూ అడగని లెక్క ఒకటి ఆమె తనంతట తనే వేసింది. మొదటి శుక్రవారమే తేదీలు సరిగా చూసి ఉంటే శనివారమే మూసేవాళ్ళు. నాలుగు రోజులు ముందు. ఆ లెక్క వేసిన కాగితం వారం రోజులు హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఒక ఆదివారం పొద్దున భర్త డ్యూటీకి వెళ్ళడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"నా తప్పు వల్ల ఎక్కువ పోయినవాళ్ళండీ. ముప్పై నుంచి యాభై దాకా."

అతను ఇస్త్రీ పెట్టెని నిలబెట్టాడు. కాగితం ముట్టుకోలేదు. "అందులో నాన్న ఉన్నాడా?" అని అడిగాడు.

"ఏమో. ఎంతమందో చెప్పగలను గానీ ఎవరో చెప్పలేను."

"ఉండకపోవచ్చు కూడా. జ్వరం నా బస్సులోంచే వచ్చిందేమో."

"బస్సు పెట్టమన్నది నేనే కదా."

అతను చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ కిటికీ బయటికి చూశాడు. "ఈ కాగితం ఎవరికైనా చూపిస్తావా?"

"రేపు ఆరోగ్యాధికారి గారికి ఇస్తాను. పక్క ఊళ్ళ గుమాస్తాలు నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్ళకీ చెబుతాను. లేకపోతే వాళ్ళూ ఫలితం తేదీనే పట్టుకుంటారు."

"ఉద్యోగానికి ఏమైనా అయితే?"

"అయితే అవుతుంది."

అతను తలూపాడు. టిఫిను డబ్బా అందుకుని, మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "సాయంత్రం త్వరగా వస్తాను. నాన్న గది సర్దాలి. ఒక్కదానివీ మొదలుపెట్టకు" అన్నాడు.

మర్నాడు ఆమె ఆ కాగితం ఇచ్చింది. ఆరోగ్యాధికారి చదివి, సంతకం చేసి, ఫైల్లో పెట్టాడు. ఉద్యోగానికి ఏమీ కాలేదు. నేర్చుకోవడానికి వచ్చిన పదకొండు మందిని ఆమె గదిలో కూర్చోబెట్టలేదు. ముందు పెద్దాసుపత్రి లాబ్‌కి తీసుకెళ్ళి, పరీక్షలు చేసేవాళ్ళ పక్కన ఒక పూటంతా నిలబెట్టింది.